పసుల పోలిగాడు – కంది చేనుకు తోడు

తాండూరు, వికారాబాదు ప్రాంతములలో మేయుచున్న ఎద్దు వీపుపై కూర్చుండు నల్లని పిట్టను ఎరుగని రైతు లేడు. రెండుగా చీలిన పొడవాటి తోక దీని గుర్తు. పసులను విడువక తిరుగుటచే పసుల పోలిగాడని పేరు. ఏట్రింత అనియు అందురు. పశువు అడుగు వేసినప్పుడు గడ్డినుండి లేచు మిడతలను గాలిలోనే పట్టుకొనును. నాగలి వెంట, ఇప్పుడు ట్రాక్టరు వెంట తిరుగుటయు అందుకే.

అమెరికాలోను పసుల మందలవెంట తిరుగు పిట్ట యొకటి గలదు. అది గూడు కట్టక, పరుల గూళ్లలో గ్రుడ్లు పెట్టును. మన పోలిగాడు అట్టిది కాదు. ఏప్రిల్ మొదలు ఆగస్టు వరకు కొమ్మ చివరి పంగలో తానే గూడు కట్టి, దరికి వచ్చిన కాకిని, గ్రద్దను సైతము తరుమును. ఆ ధైర్యము చూచుకొని గువ్వలు, పిగిలిపిట్టలు అదే చెట్టుపై కాపురముండును!

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి పెద్ద శత్రువు కాయతొలుచు పచ్చపురుగు. దాని రెక్కలపురుగు మునిచీకటిలో ఎగురును. పోలిగాడు చీకటి పడువరకు వేట మానదు. పూత, మొగ్గలపై తిరుగు పురుగులను కూడ ఏరి తినును. కాయలో దూరిన పురుగు మాత్రము దానికి అందదు. కావున పూతకు ముందే ఎకరాకు 20 పంగల కర్రలు, పైరుకంటె అడుగు రెండడుగులు ఎత్తుగా నిలుచునట్లు పాతవలెను. గింజ గట్టిపడునప్పుడు వానిని తీసివేయుట మేలు. లేనిచో రామచిలుకలకు ఆసరా యగును. పిట్టనే నమ్మి చేను చూడకుండుట తగదు. పురుగు మించినచో వేపగింజల కషాయము, వైరసు ద్రావణము వాడవలెను. ఘాటైన విషములు చల్లిన చేనిలో పిట్టకు మేత యుండదు, విషము తిన్న పురుగు దానికి హాని చేయును.

పురుగుల నివారణకై 1935లో ఈ పిట్టను తైవాను నుండి పసిఫిక్ మహాసముద్రములోని రోటా దీవికి కొనిపోయిరి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని అపాయము లేని జాతులలో చేర్చినది. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి వర్తించును; పట్టుట, చంపుట నేరము. గట్ల మీది తుమ్మ, వేప, చింత చెట్లను గూళ్ల కాలములో నరుకకున్న చాలును. తేనెటీగలు పెంచువారు మాత్రము దీనిపై ఫిర్యాదు చేయుదురు. ఈగలను కూడ ఇది విడువదు.