పిడి త్రిప్పుటయా, పెడలు త్రొక్కుటయా?

ఓహాయో రాష్ట్రమందలి కాంటన్ నగరవాసి ఆగ్డెన్ బోల్టన్, వెనుక చక్రపు నాభియందే విద్యున్మోటారు నమర్చి, 10 వోల్టుల బ్యాటరీతో నడుచు సైకిలునకు 1895 డిసెంబరు 31వ తేదీన అమెరికా ప్రభుత్వము వలన పేటెంటు పొందెను. చక్రమును త్రిప్పు శక్తి ఆనాడే లభించినది. కాని ఆ శక్తి ఎప్పుడు, ఎంత కావలయునో సైకిలెక్కినవాని మనసెరిగి మోటారునకు దెలుపు ఉపాయమే ఈ యంత్రచరిత్రలో అసలు సమస్యయై నిలిచినది.

ఆ ఉపాయములు రెండు. మొదటిది థ్రాటిల్. హ్యాండిల్ పిడిలో నొక చిన్న అయస్కాంతమును, దాని చెంత అయస్కాంత ప్రభావమును గ్రహించు హాల్ సెన్సారును ఉండును; పిడిని త్రిప్పిన కొలదియు అయస్కాంతము స్థానము మారి, సెన్సారు వెలువరించు వోల్టేజి సుమారు ఒక వోల్టు నుండి నాలుగు వోల్టుల దాక పెరుగగా, దానినిబట్టి కంట్రోలరు మోటారునకు విద్యుత్తు విడుచును. కాళ్లు కదలకున్నను బండి సాగును.

రెండవది పెడల్ అసిస్ట్. 1993లో జపాను దేశపు యమహా సంస్థ 'పాస్' అను పేర దీనిని విపణిలో ప్రవేశపెట్టెను. మోటారు తానై నడిపించు బండి ఆ దేశపు నాటి చట్టము దృష్టిలో మోటారు వాహనమైనందునను, దానికి లైసెన్సు తప్పనిసరియైనందునను, సైకిలు సైకిలుగానే నిలువవలెనను సంకల్పముతో ఇంజనీర్లు త్రొక్కిన బలమును కొలిచి, గంటకు 15 కిలోమీటర్ల వేగము వరకు అంత బలమునే మోటారుచే జతపరచి, ఆపై క్రమముగా తగ్గించి, 24 కిలోమీటర్ల వద్ద పూర్తిగా ఆపివేసిరి.

చౌక రకములలో ఈ బలపు కొలత లేదు. క్రాంకు ప్రక్కనున్న చిన్న పళ్లెమునందు గుండ్రముగా పొదిగిన అయస్కాంతములు పెడళ్లు తిరుగుచున్నవని మాత్రమే తెలుపును. కావున ఎత్తెక్కుచు బయలుదేరునపుడు, సహాయము మిక్కిలి యవసరమైన ఆ మొదటి త్రొక్కు మన కాలి బలముతోనే సాగి, పిమ్మట మోటారు ఒక్కుమ్మడి త్రోయును. త్రొక్కు బలమును కొలుచు టార్క్ సెన్సారు గల బండియైనచో, పాదము మోపిన ఒత్తిడినే గ్రహించి మరుక్షణమే తోడుపడును.

ఇక చట్టముల మాట: ఐరోపా సమాజము 2002 నాటి ఆదేశములో ఇట్టి సైకిళ్లకు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు హద్దుగా విధించి, త్రొక్కుట మానిన వెంటనే మోటారు ఆగవలెనని శాసించెను. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టము థ్రాటిల్ బండ్లకు ప్రత్యేకముగా నొక తరగతి నేర్పరచినది. మన దేశపు నిబంధన ప్రధానముగా శక్తిని, వేగమును, బరువును జూచును: 250 వాట్ల లోపు శక్తియు, 25 కిలోమీటర్ల లోపు వేగమును, పరిమితమైన బరువును గలిగి, నిర్ణీత పరీక్షలలో నెగ్గినది మోటారు వాహనము గాదు.

మోకాళ్ల నొప్పులవారికిని, బరువులు మోయువారికిని థ్రాటిల్ నిజముగా ఉపకారియే. కాని భారమంతయు బ్యాటరీయే మోయుటచే అది త్వరగా తరుగును. దేహమునకు వ్యాయామమును, ఒక్క చార్జితో ఎక్కువ దూరమును కోరువారికి పెడల్ అసిస్టే మేలు. కొనదలచినవారు లోన నున్న సెన్సారు ఏ రకమో అడిగి తెలిసికొని, ఎత్తెక్కు రోడ్డుపై ఒకసారి స్వయముగా త్రొక్కి చూచిన పిమ్మటనే ధర చెల్లించవలెను.