పాత ట్రాక్టరుకు హైడ్రాలిక్ ట్రాలీనా? ముందు నూనె లెక్క చూసుకోండి

వేసవిలో చేలకు దిబ్బెరువు తోలడానికి హైడ్రాలిక్ ట్రాలీ ఎంతో అనువు. పారలతో దించే కూలి ఖర్చు మిగులుతుంది. అయితే పాత ట్రాక్టరు కొన్న సన్నకారు రైతులు ఒక సంగతి మరవకూడదు. ట్రాలీ తొట్టిని లేపేది ట్రాక్టరులోని నూనే.

ఎంత నూనె పోతుంది?

జాకీ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు, అది సాగేది ఒక మీటరు అనుకుందాం. తొట్టి పూర్తిగా లేచేసరికి సుమారు 8 లీటర్ల నూనె అందులోకి వెళుతుంది. చాలా పాత ట్రాక్టర్లలో గేరుబాక్సుకు, హైడ్రాలిక్‌కు నూనె ఒక్కటే. మట్టం బాగా తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. నూనె నురగ కడుతుంది, తొట్టి అదురుతూ లేస్తుంది. అలాగే నడిపితే పంపు దెబ్బతింటుంది.

కొత్తగా తగిలించినప్పుడు ఖాళీ తొట్టిని రెండు మూడుసార్లు లేపి దించండి. పూర్తిగా దించాక, చదునైన చోట ఇంజను ఆపి నూనె మట్టం చూడండి. తగ్గితే కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. గుర్తు దాకా పోసినా తొట్టి చివరిదాకా లేవకపోతే, బరువు ఎక్కువైందో, జాకీ పెద్దదైందో, పంపు అరిగిందో మెకానిక్‌కు చూపించాలి.

అద్దె ట్రాలీతో జాగ్రత్త

నలుగురి ట్రాక్టర్లకు తిరిగిన ట్రాలీ జాకీలో నలుగురి నూనె ఉంటుంది. అందులోని మట్టి, నీరు తిరిగి మీ గేరుబాక్సులోకే చేరతాయి. నూనె పాలలా తెల్లబడితే నీరు కలిసినట్టే. తగిలించే ముందు ఇంజను ఆపి, లివరు దించి, కప్లింగు రెండు వైపులా శుభ్రమైన గుడ్డతో తుడవండి. బిగుసుకుంటే సుత్తితో కొట్టవద్దు, లోపల ఒత్తిడి ఉండిపోయి ఉంటుంది. విప్పాక మూతలు పెట్టండి.

ట్రాలీకి సాధారణంగా ఒక పైపు చాలు. తొట్టి తన బరువుతోనే దిగుతుంది. రెండు పైపుల రివర్సిబుల్ నాగలికైతే నూనె తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. తగిన వాల్వు లేకుండా తగిలించవద్దు.

ప్రాణం ముఖ్యం

లేచిన తొట్టి కిందికి గట్టి ఆధారం పెట్టకుండా దూరవద్దు. కరెంటు తీగల కింద తొట్టి లేపవద్దు. పైపు కారుతుంటే చేత్తో తడమవద్దు, అట్టముక్కతో చూడండి. సన్నని చిల్లులోంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, నూనె గుచ్చుకుందని డాక్టరుకు చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు.