పాత కావలి, కొత్త కావలి

ఒక ఆఫీసులో ముప్ఫై కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. వాటిలోని యాంటీవైరస్‌కు గడువు తీరింది. ఇక అది కొత్త వైరస్‌ల ఆనవాళ్లు గుర్తుపట్టలేదు. అలాగని పాతది ఉండగానే పక్కన మరొకటి పెట్టకండి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా! రెండూ ప్రతి ఫైలునూ తనిఖీ చేయబోతే కంప్యూటరు నత్తనడక నడుస్తుంది.

ఇందుకు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లనక్కరలేదు. కంప్యూటర్లన్నీ ఒక సర్వరు కింద ఉంటే, పాతదాన్ని తీసేయమనే ఆజ్ఞను అక్కడి నుంచే పంపవచ్చు. అయితే వైరస్ తనను తొలగించకుండా యాంటీవైరస్ తాళం వేసుకుని ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ రక్షణను దాని నిర్వహణ సర్వరు నుంచే ముందుగా విప్పాలి. కనుక ఆ సర్వరును తొందరపడి మూసేయకండి.

మొదట ఒక్క కంప్యూటరు మీద చేసి చూడండి. పాతది తీసి, రీస్టార్ట్ చేసి, వెంటనే కొత్తది పెట్టండి. మధ్యలో కావలి లేని రాత్రి ఉండకూడదు.

ఆ రోజు ఆపి ఉన్న కంప్యూటరుకు ఆజ్ఞ అందదు. 2017 మేలో వానాక్రై, విండోస్‌లోని ఒక లోపాన్ని పట్టుకుని, ఒక కంప్యూటరు నుంచి మరోదానికి తనంతట తానే పాకింది. మన పొరుగున చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అందుకే బడిలో మేం హాజరు పిలిచినట్టు, జాబితా పట్టుకుని ముప్ఫైనీ సరిచూడండి. ఇరవై తొమ్మిది చాలవు.