యొరూబా స్త్రీల చరిత్ర: ఆచార్య బోలాన్లే ఆవే పరిశోధనమార్గము

తెలుగు మాతృభాష కాని విద్యార్థులకు తెలుగు బోధించునప్పుడు ప్రతి సంవత్సరము ఒక ప్రశ్న తప్పక ఎదురగుచుండును. "రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, బండి వచ్చినది అనుచున్నారు. సీతకును బండికిని క్రియ ఒక్కటేనా?" అని వారడుగుదురు. మహత్తు, మహతి, అమహత్తు అను విభాగమును తెలిపి, మహతీవాచకములు ఏకవచనమున అమహత్తులతోడను, బహువచనమున మహత్తులతోడను చేరునని వివరింతును. వ్యాకరణపాఠము అంతటితో ముగియును. ప్రశ్న మాత్రము ముగియదు. భాషలో స్త్రీకి గల స్థానమును బట్టి సమాజమున ఆమె స్థానమును నిర్ణయింపవచ్చునా? గ్రంథములకెక్కని స్త్రీల చరిత్రను భాషలో నిలిచియున్న మాటలనుండి తిరిగి రాబట్టవచ్చునా?

ఈ రెండు ప్రశ్నలపైనను పశ్చిమాఫ్రికాలోని నైజీరియాకు చెందిన విద్వాంసురాండ్రు గట్టి కృషి చేసియున్నారు. రెండవ ప్రశ్నకు తమ విద్యాజీవితమునే సమాధానముగ చేసినవారు ఆచార్య బోలాన్లే ఆవే. ఆమె పరిశోధనమార్గమును, దానినుండి భారతీయభాషాపరిశోధకులు గ్రహింపదగిన విషయములను సంగ్రహముగ వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఆవే 1933లో యొరూబాజాతివారి పట్టణమైన ఇలేషాలో జన్మించిరి. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున చరిత్ర చదివి, ఆక్స్‌ఫర్డులో 1964లో డాక్టరు పట్టము పొందిరి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇబాదాన్ నగరము యొరూబాదేశమున ప్రబలశక్తిగ ఎదిగిన విధము ఆమె పరిశోధనాంశము. ఆ కాలపు విద్యాలోకమున ఆఫ్రికాచరిత్రకు గల స్థితిని ఇచ్చట స్మరింపవలెను. 1963లో ఆక్స్‌ఫర్డు చరిత్రాచార్యుడే యగు హ్యూ ట్రెవర్ రోపర్, ఆఫ్రికాలో ఐరోపావారి చరిత్ర తప్ప చరిత్ర యనదగినది లేదను భావమును బహిరంగముగ ప్రకటించెను. వ్రాతపత్రము లేనిచోట చరిత్ర లేదను నమ్మకము ఈ మాటకు ఆధారము. నైజీరియా చరిత్రకారుడు కెనెత్ డికె 1956లో ప్రకటించిన నైజరు డెల్టా వాణిజ్య రాజకీయ గ్రంథము, బెల్జియము దేశీయుడు యాన్ వాన్‌సినా 1961లో ప్రకటించిన మౌఖికసంప్రదాయ గ్రంథము ఆ నమ్మకమును కదల్చినవి. 1948లో కళాశాలగ స్థాపితమై, 1962లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైన ఇబాదాన్ విద్యాస్థానము ఈ నూతనచరిత్రకు కేంద్రమాయెను. ఆవే ముఖ్యముగ అచ్చటనే బోధించిరి. 1976లో మౌఖికచరిత్రకు ఆచార్యపదవిని పొంది, 1983 మొదలు 1991 వరకు అచ్చటి ఆఫ్రికా అధ్యయనసంస్థకు సంచాలకురాలుగ నుండిరి.

యుద్ధముల చరిత్రతో ప్రారంభించిన విదుషి స్త్రీల చరిత్రకు వచ్చుట మార్గము మార్చుకొనుటగ తోచవచ్చును. నా యభిప్రాయమున అది ఒకే మార్గము. ఇబాదాన్ 1829 ప్రాంతమున సైనికశిబిరముగ ఏర్పడిన ఊరు. సైన్యము నడచుటకు తుపాకులు, మందుగుండు, ధాన్యము కావలెను. వానిని అప్పుగ నిచ్చు ధనికులు కావలెను. ఆ ధనికులలో స్త్రీలు కలరు. యుద్ధకథను దండనాయకుల పేళ్లతో ముగించినవారికి ఈ స్త్రీలు కనబడరు. యుద్ధవ్యయమును గూర్చి ప్రశ్నించినవారికి కనబడుదురు.

అట్టి స్త్రీలలో ముఖ్యురాలికి "ఇయాలోదె" అను బిరుదు కలదు. "ఇయా" యనగా తల్లి. "ఒదె" యనగా ఇంటి వెలుపలి ప్రదేశము. ఇంటి గడప దాటిన లోకవ్యవహారములకు తల్లి యని తాత్పర్యము. ఆవే 1977లో ప్రకటించిన వ్యాసమున ఈ పదవిని సూక్ష్మముగ పరిశీలించిరి. ఇయాలోదె పట్టణములోని స్త్రీలందరికి ప్రతినిధి. పాలకసభలో ఆమెకు స్థానము కలదు. స్త్రీల తగవులను తీర్చు అధికారము కలదు. ఈ అధికారము ఊరిని బట్టి హెచ్చుతగ్గులు పొందుచుండెను. ఆవే ఈ పదవిని పొగడుటతో తృప్తిపడలేదు. పురుషులతో నిండిన పాలకసభలో ఇయాలోదె ఏకైకస్త్రీ యగుట చేత, నిర్ణయకాలమున ఆమె ఎల్లప్పుడును అల్పసంఖ్యలోనే యుండెనని కూడ చూపిరి. పూర్వకాలము స్త్రీలకు స్వర్ణయుగమని చాటుటకు తొందరపడని ఈ నిగ్రహమే ఆమె రచనలకు విలువ నిచ్చినది.

ఇక ఆధారముల విషయము. ఆవే 1974లో స్తుతిగేయములను చారిత్రకాధారములుగ గ్రహించుటను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. యొరూబాలో ఈ స్తుతులకు "ఒరికి" యని పేరు. వంశములకు, ఊళ్లకు, వ్యక్తులకు, దేవతలకు వేరువేరు ఒరికులు కలవు. మన బిరుదగద్యలను, వంశస్తుతులను ఎరిగినవారికి దీని స్వరూపము కొంత సుపరిచితమే. ఒరికి కథ చెప్పదు, సంబోధించును. కాలక్రమము పాటింపదు, ఒక పూర్వుని శౌర్యము పక్కనే మరొకని పిసినితనము నిలుచును. కావున దీనినుండి సంవత్సరములను ఏరుకొనుట సాధ్యము కాదు. కాని ఒక వ్యక్తిని సమకాలికులు దేనికి మెచ్చిరి, దేనికి భయపడిరి, ఏ వస్తువు ఐశ్వర్యచిహ్నముగ నుండెను అను విషయములకు ఒరికి సాక్ష్యమిచ్చును. స్తుతిలోని అతిశయోక్తిని తగ్గించి, ఇతరాధారములతో సరిచూచి గ్రహింపవలెను.

ఈ గేయములను నిలిపినవారెవరు అను ప్రశ్నకు కారిన్ బార్బర్ 1991లో ప్రకటించిన గ్రంథము సమాధానము చెప్పుచున్నది. ఒకుకు అను యొరూబా పట్టణమున ఒరికి పాడువారిలో ముఖ్యులు స్త్రీలే. ఆడుబిడ్డలు పుట్టింటి ఒరికిని ఎరుగుదురు. కోడండ్రు అత్తవారి వంశపు ఒరికిని నేర్చుకొందురు. వ్రాతపత్రములలో పేరు లేని స్త్రీలే ఆ మౌఖికభాండారమునకు కాపుదారులు. వారి నోటిమాటను ఆధారముగ అంగీకరింపనంతకాలము చరిత్రకారులు రెండు నష్టములను పొందిరి: గేయమును కోల్పోయిరి, గేయకర్త్రిని కోల్పోయిరి.

ఈ పద్ధతివలన తీర్పులు ఎట్లు మారునో ఒక ఉదాహరణము చూతము. ఎఫున్‌షెతాన్ అనివురా పందొమ్మిదవ శతాబ్దిలో ఇబాదాన్‌కు ఇయాలోదె. ఆమెకు విశాలమైన పొలములు, పెక్కుమంది బానిసలు, గొప్ప వర్తకము కలవు. ఆమె దండనాయకులకు యుద్ధసామగ్రిని అరువిచ్చెను. 1874లో ఇబాదాన్ పాలకుడు లాతోసా ఆమెను పదవినుండి తొలగించెను. ఆ సంవత్సరమే ఆమె స్వగృహమున హతురాలాయెను. 1897లో పూర్తియై 1921లో అచ్చైన శామ్యూల్ జాన్సన్ చరిత్రగ్రంథమున ఆమెపై మోపిన నేరములు కలవు: పాలకునితో దండయాత్రకు పోలేదు, యుద్ధకాలమున సామగ్రి పంపలేదు, అతడు తిరిగి వచ్చినప్పుడు ఎదురేగి అభినందింపలేదు. ఈ మూడు నేరములును అధికారమునకు లోబడకపోవుటకు సంబంధించినవే యని పాఠకులు గమనింపగలరు.

కాని ప్రజల మనస్సున నిలిచిన ఎఫున్‌షెతాన్ వేరు. 1970లో అకిన్‌వుమి ఇషోలా ప్రకటించిన యొరూబా నాటకమున ఆమె బిడ్డను కోల్పోయి, బానిసలను చిత్రవధ చేయు క్రూరురాలు. ఆ నాటకము మిక్కిలి ప్రసిద్ధి పొందుటచే నాటకపాత్రయే చరిత్రపాత్ర యను భావము వ్యాపించినది. ఆవే తమ సంపాదకత్వమున 1992లో వెలువడిన నైజీరియా స్త్రీల చరిత్రసంపుటమున ఎఫున్‌షెతాన్‌ను గూర్చి వ్యాసము రచించిరి. ఆమె బానిసల యజమానురాలు అను సత్యమును ఎవ్వరును కప్పిపుచ్చరాదు. అయితే నాటి దండనాయకులకును వందలకొలది బానిసలుండిరి. అదే స్థితి పురుషునియందు వైభవముగను, స్త్రీయందు రాక్షసత్వముగను చెప్పబడుటకు కారణమేమి? ఈ ప్రశ్న వేయగలుగుటయే స్త్రీల అధ్యయనము చరిత్రశాస్త్రమునకు చేసిన మేలు.

పేరు పెట్టుటలో కూడ ఇట్టి భేదమే కలదు. 1929 చివర ఆగ్నేయ నైజీరియాలో స్త్రీలపై పన్ను విధింపబడునను భయముతో వేలకొలది స్త్రీలు లేచిరి. సైనికుల కాల్పులలో యాభైమందికి పైగా స్త్రీలు మరణించిరి. బ్రిటిషు ప్రభుత్వపత్రములు దీనిని "ఆబా అల్లర్లు" అనినవి. ఇగ్బో స్త్రీలు తమ భాషలో "స్త్రీల యుద్ధము" అనిరి. ఏ మాటను శీర్షికగ గ్రహింతుమో, ఆ మాటయే మన చరిత్రను సగము వ్రాసివేయును. నీనా ఎంబా 1982లో ప్రకటించిన గ్రంథము ఈ ఉద్యమమును దక్షిణ నైజీరియా స్త్రీల రాజకీయచరిత్రలో భాగముగ నిలిపినది.

మొదటి ప్రశ్నకు వత్తము. 1997లో ఒయెరొంకె ఒయెవుమి ఒక సంచలనాత్మకవాదము చేసిరి. యొరూబా సర్వనామమునకు లింగభేదము లేదు. తోబుట్టువులను చెప్పు మాటలు వయస్సునే తెలుపును: "ఎగ్బన్" అనగా పెద్ద తోబుట్టువు, "అబురో" అనగా చిన్న తోబుట్టువు. మనము అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు అను నాలుగు మాటలతో చెప్పునది వారికి రెండింటితోనే సరిపోవును. "ఒబా" యనగా పాలించువ్యక్తి. ఆంగ్లానువాదకులు దానిని "రాజు"గ మార్చినప్పుడు, పాలకులలో స్త్రీలుండిన యెడల వారు అదృశ్యులైరని ఆమె వాదము. వయోభేదమే ప్రధానమైన సమాజమున లింగభేదము పాశ్చాత్యపాలనముతో వచ్చి చేరినదని ఆమె సిద్ధాంతము.

అనువాదమును గూర్చిన భాగము బలమైనదే. సిద్ధాంతమును మాత్రము పెక్కురు విమర్శించిరి. ఈ విమర్శకు భారతీయభాషలనుండియే ఆధారము చూపవచ్చును. వంగ, ఉత్కళ భాషల సర్వనామములకును లింగభేదము లేదు. అంతమాత్రమున ఆ సమాజములలో స్త్రీపురుషభేదము లేదని ఎవ్వరును అనరు. యొరూబాలోనే "ఇయాలోదె" అను బిరుదు "తల్లి" యను మాటతో ఆరంభమగుచున్నది. అట్లే తెలుగు క్రియ సీతను బండితో చేర్చుటను బట్టి తెలుగువారు స్త్రీని వస్తువుగ నెంచిరని చెప్పుటయు తొందరపాటే. బహువచనమున ఆ స్త్రీయే పురుషులతో చేరుచున్నది గదా. వ్యాకరణము సమాజమునకు దర్పణము కాదు. అయినను అనువాదకుడు, శాసనపరిష్కర్త, నిఘంటుకర్త చేయు ప్రతి నిర్ణయమును సమాజచరిత్రను తాకుచునే యుండును.

ఇందుకు మన చరిత్రలోను నిదర్శనము కలదు. పదమూడవ శతాబ్దిలో కాకతీయరాజ్యమును పాలించిన రుద్రమ తన శాసనములలో రుద్రదేవ మహారాజను పురుషనామముతో కనబడుచున్నది. పేరునే నమ్మిన పరిష్కర్తకు ఒక రాణి రాజుగ మారిపోవును. మౌఖికాధారమునకు నిదర్శనము 1986లో హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన "మనకు తెలియని మన చరిత్ర". తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల నోటిమాటలే ఆ గ్రంథమునకు మూలము. ఆ దశాబ్దమునందే ఇబాదాన్‌లో ఆవే ప్రభృతులు స్త్రీవిషయక పరిశోధనలకు, పత్రసేకరణకు ఒక కేంద్రమును స్థాపించిరి. పరస్పరసంబంధము లేని ఈ రెండు కృషులును ఒకే విశ్వాసముపై నిలిచినవి: అడిగి వ్రాసికొననిచో ఈ చరిత్ర చెప్పినవారితోనే అంతరించును.

మన విశ్వవిద్యాలయములలో జానపదగేయసేకరణము చాలకాలముగ జరుగుచున్నది. స్త్రీల పాటలు వేలకొలది వ్రాసికొంటిమి. ఛందస్సును, మాండలికపదములను విచారించితిమి. పాడిన స్త్రీ పేరును, ఆమె ఆ పాటను ఎవరివద్ద నేర్చినదో, ఏ సందర్భమున పాడునో పెక్కుమారులు వ్రాసికొనలేదు. నేనును నా తొలినాళ్ల సేకరణములలో ఈ లోపము చేసితిని. ఆ పుటలు తిరిగి చూచినప్పుడు పాటలు మిగిలినవి, పాడినవారు మిగులలేదు. ఇప్పుడు క్షేత్రమునకు పోవు మన విద్యార్థులు ప్రతి పాటకు పైన పాడినవారి పేరు వ్రాయుటతో పని ప్రారంభింతురు గాక.