గోడమీద బల్లి, కొండల్లో బంగారు బల్లి

బాన్సువాడలో మా గోడమీద బల్లి పలికితే మా అత్తగారు "సత్యం, సత్యం" అంటూ నేల తట్టేవారు. అదే బల్లి పాలగిన్నెలో పడిందా, ఇల్లంతా గగ్గోలే!

నిజానికి మన బల్లుల్లో దేనికీ విషం లేదండీ. దాని ఒంటిమీదా, రెట్టలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిములుంటాయి. వాంతులూ, విరేచనాలూ వాటివల్లనే. కనుక రెండు లీటర్లయినా సరే, ఆ పాలు పారబోయండి. తెలియక తాగిన పిల్లలకు వాంతులు పట్టుకుంటే ఆలస్యం చెయ్యక డాక్టరుకు చూపించండి.

కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్లు మనలో ఎందరో! అది లోహపు బొమ్మ. ప్రాణమున్న బంగారు బల్లి తిరుమల శేషాచలం కొండల్లో ఉంది. బెడ్డోం అనే ఇంగ్లీషు దొర 1870లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. పగలంతా రాతి పగుళ్లలో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. మగది పసుపు ముద్దే అనుకోండి! ఆడవన్నీ ఒకే బండకు గుడ్లు అంటిస్తాయి, మనం వడియాలు పెట్టినట్టు.

ప్రపంచం మొత్తంమీద దీనికి దగ్గరి చుట్టం ఒక్కటే, సింహళంలో. 1953లో దెరణియగల దాన్ని గుర్తించారు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరైనా బంగారు బల్లిని అమ్మజూపితే కొనకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం.