పాత ప్రోగ్రామ్ ఉన్నా అప్‌డేట్ గుర్తించకపోతే

ప్రోగ్రామ్ రోజూ తెరుచుకుంటూనే ఉంటుంది. అప్‌డేట్ మాత్రం పాత వెర్షన్ లేదంటుంది. వెంటనే పాతదాన్ని తీసేయకండి. కొన్ని ప్రోగ్రాములు పోతూ పోతూ మన డేటాను కూడా తుడిచేస్తాయి.

విండోస్‌లో అప్‌డేట్ సాధారణంగా వెతికేది ఫోల్డర్‌ను కాదు, రిజిస్ట్రీలోని నమోదును. ఇంట్లో కాపురమున్నా పంచాయతీ రికార్డులో పేరు లేనట్లే ఇదీ. మిత్రుని కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ తెచ్చుకుంటే ప్రోగ్రామ్ నడవవచ్చు గాని నమోదు ఉండదు. (ఈ పని నేనూ చేశాను, ఒక పూట వృథా అయింది.) నమోదు ఉన్నా వేరేచోట ఉండవచ్చు. 64-బిట్ విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రాములకు ప్రత్యేక శాఖ ఉంది. ఒక్క యూజర్ కోసమే ఇన్‌స్టాల్ చేసినది ఆ యూజర్ పద్దులోనే ఉంటుంది. వేరే ఖాతా నుంచి నడిపిన అప్‌డేట్‌కు అది కనబడకపోవచ్చు.

కాబట్టి ముందు సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా చూడండి. పేరు ఉంటే వెర్షన్, బిట్, యూజర్ ఖాతా అప్‌డేట్‌తో సరిపోతున్నాయో లేదో పరిశీలించండి. పేరు లేకపోతే మీ ఫైళ్లను వేరేచోట భద్రపరచి, అదే పాత వెర్షన్ పూర్తి ఇన్‌స్టాలర్‌ను అదే ఫోల్డర్‌లోకి నడపండి. నమోదు ఏర్పడ్డాక అప్‌డేట్ మొదలుపెట్టండి. రిజిస్ట్రీని మాత్రం చేత్తో దిద్దవద్దు.