ఉప్పెనకు అడ్డుగోడ మడ అడవి

తాళ్ళరేవు: గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దక్షిణాన వున్న కోరంగి మడ అడవి తీర గ్రామాల జాలర్లకు బ్రతుకుతెరువు. 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

ఆటుపోట్ల నీటిలో నిలిచే నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల వేళ్ళ నడుమ రొయ్య పిల్లలు, చేప పిల్లలు తలదాచుకుంటాయి. అక్కడ పెరిగినవే తర్వాత సముద్రంలో వలకు చిక్కుతాయి. మండపీతకు మంచి ధర పలుకుతుంది. అయితే బురద కన్నంలోంచి దాన్ని లాగేటప్పుడు డెక్కకు చిక్కితే వేలికి ముప్పే. తిల్ల పాలు కంట పడితే చూపుకే ప్రమాదం.

1839 ఉప్పెన కోరంగి రేవును నాశనం చేసింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కాకినాడకు దక్షిణానే తీరం దాటి వందలాది మందిని పొట్టన పెట్టుకుంది. మడ దట్టంగా వున్నచోట అలల వురవడి విరుగుతుంది. నరికిన చోట ఆ అడ్డు వుండదు.

వంటచెరకు కోసం నరకడం, గేదెలు మేయడం, రొయ్యల చెరువుల తవ్వకం వల్ల అడవి చాలా దెబ్బతిన్నది. నరికిన నేల కుంగి, నిలిచిన నీరు ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకుంటే మొక్క మొలవదు. అందుకే 1990ల నుంచి గ్రామస్తులను కలుపుకుని చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు పారేలా చేసి, గట్ల వెంట మడ మొక్కలు నాటారు. చాలాచోట్ల మడ తిరిగి లేచింది.

కాలువలు ఒండ్రుతో పూడితే ఈ శ్రమ వృథా. ఎప్పటికప్పుడు పూడిక తీయాలి. పేద కుటుంబాలకు వంటచెరకు, పశుగ్రాసం వేరే దారిన అందాలి. అప్పుడే అడవీ నిలుస్తుంది, ఊరూ నిలుస్తుంది.